బుల్లోడు పోయి నెల. ఇంకోదాన్ని తేవాలా వద్దా, ఆదివారం లోపు చెప్పాలి

పాలకొండరోడ్
మాది సిక్కోలే (శ్రీకాకుళం). వినాయక చవితి వెళ్లిన మూడోరోజు మా కుక్క బుల్లోడు పోయాడు. ఆరేళ్లవాడు, పోమేరియన్ కలిసిన నాటు. ఇప్పుడు గొడవేటంటే, ఆమదాలవలసలో మా ఫ్రెండ్ వాళ్ల ల్యాబ్రడార్ కుక్క ఐదు పిల్లల్ని పెట్టింది. ఒకటి నాకు ఉంచుతానన్నాడు. ఆదివారం లోపు చెప్పకపోతే రాజాం వాళ్లెవరికో ఇచ్చీస్తాడట. మా పాప నాలుగో తరగతి, ఫోటో చూసిన దగ్గర్నుంచి అన్నం కంచం ముందు కూడా అదే మాట. మా అమ్మ మాత్రం "ఈ గుమ్మంలోకి ఇంకో కుక్క రాకూడదు" అని ఒకే ముక్క. మా ఆవిడ మీరూ మీరూ తేల్చుకోండి అంటాది. నా సంగతి నాకే తెలీట్లేదు. వాడి గొలుసు ఇంకా మెట్ల పక్కన మేకుకే వేలాడుతోంది, తియ్యబుద్ధి కాలేదు. నెలకే ఇంకోదాన్ని తెస్తే వాడిని మర్చిపోయినట్టు కాదా? అసలు ఎన్నాళ్లు ఆగాలి?

గంటస్తంభం77
మేం మూడు రోజులు ఆగాం. రాకీ సోమవారం పోయాడు, గురువారం సాయంత్రానికి ఇంట్లో ఇంకోటి తిరుగుతోంది. జనాలు ఏటేటో అన్నారు. గేటు గడియ తీసినప్పుడు లోపల్నుంచి చప్పుడు రాకపోతే నాకది ఇల్లులా లేదు. తెచ్చీండి.

తంపర_గట్టు
అంటే మీరు తెచ్చుకున్నది చప్పుడు గురూ. కుక్క దాంతో పాటు వచ్చింది.

గంటస్తంభం77
ఆ చప్పుడుకి ఇప్పుడు ఏడేళ్లు. పేరు బ్రౌనీ. ఇజీనారం (విజయనగరం) రా, వినిపిస్తాను.

బొబ్బిలి_వీణ
మాకు రెండేళ్లు పట్టింది. మా ఆయన రోడ్డు మీద ఎవరైనా కుక్కని నడిపించుకెళ్తుంటే అటువైపు దాటిపోయేవారు. నేనడిగితే "ఎండగా ఉంది" అనేవారు. ఆ రెండో ఏడు జోరున వాన కురుస్తున్న రాత్రి ఒక నల్ల గుంట కుక్క మా స్కూటర్ కింద చేరింది. పొద్దున్న లేచి చూస్తే దాని మీద మా ఆయన పాత లుంగీ కప్పి ఉంది. ఎవరు కప్పారో ఇద్దరం అడుక్కోలేదు.

సిక్కోలు_సిన్నోడు
మనిషి పోతేనే పన్నెండో రోజుకి భోజనాలు పెట్టి టీవీ ఆన్ చేసీస్తారు. కుక్కకి ఇంత చర్చేటి బాబూ.

ఉద్దానం_అప్ప
సిన్నోడా, నీకు కుక్క ఉందా?

సిక్కోలు_సిన్నోడు
లేదు. కోళ్లున్నాయి.

ఉద్దానం_అప్ప
అవి పోతే ఏటి చేస్తావు?

సిక్కోలు_సిన్నోడు
పండగ.

ఉద్దానం_అప్ప
అయితే ఓ మూల కూకొని విను.

మాస్టారు_విశ్రాంతం
మా ఇంట్లో ఈ ప్రశ్నే ఎప్పుడూ పుట్టలేదు. మా తాతగారి హయాం నుంచీ టామీ పోతే టామీ వచ్చేవాడు. నేను పుట్టేసరికి రెండో టామీ. నా పెళ్లి ఫోటోలో అరుగు మీద కూర్చుని ఉన్నది నాలుగోవాడు. ఇప్పుడున్నది ఏడోవాడు. పేరు మారకపోతే లోటు తెలియదని మా తాతగారి సిద్ధాంతం కాబోలు. కానీ ఆరోవాడు పోయినప్పుడు నాకు బాగానే తెలిసింది. పేరు పెట్టి పిలిస్తే కొత్తవాడు తోక ఊపుతూ వచ్చేవాడు, నాకేమో ఎవరో అబద్ధం చెబుతున్నట్టు ఉండేది. నాలుగు నెలలు "ఒరేయ్" అనే పిలిచాను.

తంపర_గట్టు
ఏడో టామీ. ఇంగ్లండు రాజుల లెక్క ఉంది మాస్టారూ.

గరివిడి_థర్డ్‌ఇయర్
ఇంతమంది రాశారు, ఒక్కరూ అసలు సంగతి అడగలేదు. పాలకొండరోడ్ గారూ, బుల్లోడు దేనితో పోయాడు? నేను గరివిడి పశువైద్య కళాశాలలో చదువుతున్నాను, ఇంకా డాక్టర్ని కాదు. కానీ "ఎన్నాళ్లు ఆగాలి" అన్నదానికి సగం జవాబు అక్కడే ఉంటుంది. ముసలితనం, కిడ్నీ, గుండె అయితే రేపే తెచ్చుకున్నా కొత్తదానికి భయం లేదు. పార్వో (కుక్కపిల్లల్ని చంపే విరేచనాల రోగం) అయితే మాత్రం ఆ వైరస్ పెరటి మట్టిలో నెలల తరబడి, నీడగా ఉండే చోట ఏడాది దాకా కూడా ఉంటుంది. మనం ఇంట్లో పోసే ఫినాయిల్‌కి అది లొంగదు. క్లోరిన్ ఉన్న బ్లీచ్ ద్రవం ఒక వంతుకి నీళ్లు ముప్పై వంతులు కలిపి, కడిగిన గచ్చు మీద పది నిమిషాలు తడిగా ఉంచాలి. మట్టికి అదీ సరిగ్గా పనిచెయ్యదు. డిస్టెంపర్ అని కుక్కలకొచ్చే ఇంకో రోగం వైరస్ అలా కాదు, బయట ఎక్కువ కాలం నిలవదు.

చీపురుపల్లి_ప్యాసింజర్
పైన థర్డ్‌ఇయర్ రాసింది నిజం. నా చేతుల్లో జరిగింది. మొదటి కుక్కపిల్ల పార్వోతో పోయింది, రక్తం విరేచనాలు, మూడు రోజులు. మా గుంటడు ఏడుస్తున్నాడని ఇరవై రోజులకి ఇంకోటి తెచ్చాను. అదే పెరడు, అదే గోనె, అదే సత్తు గిన్నె. తోమించాను కూడా. పదకొండో రోజుకి అదీ పోయింది. మా గుంటడు రెండోసారి ఏడవలేదు. అది చూడ్డం నా వల్ల కాలేదు. మూడోది మరి తేలేదు.

పాలకొండరోడ్
పార్వో కాదండి. టిక్ ఫీవర్ అన్నారు, పిడుదులు కరిస్తే వచ్చే జ్వరం. అది కూడా ఆఖర్న.

ఎలాగూ రాస్తున్నాను కదా, మొత్తం రాసీస్తాను. మొదట రెండు రోజులు సరిగ్గా తినలేదు. చవితి హడావుడి, పత్రి, పందిరి, నేను పెద్దగా పట్టించుకోలేదు. మా అమ్మ చెప్పింది, "వీడి ఒళ్లు కాలిపోతోందిరా" అని. రేపు చూద్దాం అన్నాను. ఆ రేపు రెండు రోజులైంది. ఒక చోటికి తీసుకెళ్తే మామూలు జ్వరం అని సూది వేసి పంపారు. మర్నాడు పొద్దున్న వాడి ముక్కు నుంచి రక్తం చుక్క చుక్కగా పడుతోంది. హాల్లో తెల్ల టైల్స్ మా ఇంట్లో. తలుపు దగ్గర నుంచి మంచం దాకా వరసగా చుక్కలు, వాడు నడిచిన దారి. వేరే చోట రక్తం పరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయన్నారు. ఆ రాత్రే.

ముందే తీసుకెళ్తే బతికేవాడేమో. నాకు తెలిసి నేను ఎవరికీ చెప్పని మాట ఇది.

బొబ్బిలి_వీణ
బాబూ. మీరు చెప్పీసారు, మంచిదయ్యింది.

గరివిడి_థర్డ్‌ఇయర్
అన్నా, తొందరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్ అనే మందుతో చాలావరకు కోలుకుంటాయి, నాలుగు వారాల కోర్సు ఉంటుంది. కానీ మొదటి రెండు రోజులు అది మామూలు జ్వరంలాగే కనిపిస్తుంది. తిండి మానెయ్యడం, నీరసం, అంతే. చివుళ్లు తెల్లబడటం, ముక్కు రక్తం వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. ఇది మీ ఒక్కరికే జరిగింది కాదు.

ఇప్పుడు అసలు విషయం. బుల్లోడు పోయాడు గానీ వాడిని చంపింది మీ ఇంట్లోనే ఉంది. గోధుమరంగు కుక్క పిడుదు, మన వైపు గోమారి అంటాం కదా, అది కుక్క ఒంటి మీదే కాపురం ఉండదు. రక్తం తాగి దిగిపోయి గోడ బీటల్లో, గుమ్మం చెక్క వెనక, కప్పు మూలల్లో దాక్కుంటుంది. పైకి పాకడం దానికి అలవాటు, అందుకే నేల తుడిస్తే పోదు. ఒక్కో ఆడది వేల గుడ్లు పెడుతుంది. ఏమీ తినకుండా నెలల తరబడి బతికీగలదు. మీరు తెచ్చే ల్యాబ్ పిల్ల మొదటి రాత్రి పడుకునేది బుల్లోడు పడుకున్న చోటేగా? టార్చి పట్టుకుని ఆ చోటు చూడండి.

పాలకొండరోడ్
ఇప్పుడే చూసొచ్చాను. రాత్రి పదకొండున్నర.

వాడు పడుకునేది వీధి తలుపు వెనక. గుమ్మం చెక్కకీ గోడకీ మధ్య సున్నం విడిచిన సందు ఒకటుంది, చిటికెన వేలు దూరదు. పాప జడపిన్నుతో గీకాను. రేగి గింజల్లాంటివి మూడు జారి పడ్డాయి, బూడిద రంగు, ఉబ్బి ఉన్నాయి. చిన్నవి నువ్వు గింజంత, వాటికి లెక్క లేదు. వెలుగు తగిలేసరికి పైకి పాకాయి. నెల నుంచి ఈ తలుపు రోజుకి ఇరవైసార్లు తీసి మూస్తున్నాను.

సిక్కోలు_సిన్నోడు
ఓలమ్మో. నేనిప్పుడు మా కోళ్ల గూడు చూడ్డానికి పోతన్నాను.

గరివిడి_థర్డ్‌ఇయర్
వేలితో నలపకండి. సబ్బు నీళ్లలోనో స్పిరిట్‌లోనో వేసీండి. పశువుల ఆసుపత్రిలో అడిగి మందు కొట్టించండి, సందుల్లోకి, గోడ ఎత్తంతా. గుడ్లకి మందు సరిగ్గా పట్టదు, అవి పగిలి పిల్లలొస్తాయి కాబట్టి రెండు మూడు వారాలకి మళ్లీ కొట్టాలి. ఆ సందు సిమెంటుతో పూడ్చీండి. వాడి పరుపు, గోనె ఉంటే కాల్చీండి. అప్పటిదాకా ఏ కుక్కా వద్దు. ఇది నా ఆదివారం జవాబు.

పిల్లిపిచ్చి
ఇంట్లో పిల్లి ఉన్నవాళ్లు ఆ మందుల విషయంలో జాగ్రత్త. పిడుదులకి వాడే పెర్మెత్రిన్ అనే మందు పిల్లులకి విషం. ఆరేదాకా గదిలోకి రానివ్వకండి, ఏ మందో ముందే అడగండి.

పనిలో పనిగా నాదీ రాస్తాను. నావి రెండు పిల్లులు, తల్లీకూతుళ్లు. తల్లి పోయాక కూతురు ఇల్లంతా తిరిగి బీరువా మీద కూర్చుని గోడకేసి చూసేది, తిండి ముట్టలేదు. తోడు కావాలేమో అని మా ఆడపడుచు వెంటనే ఒక పిల్లని తెచ్చి వదిలింది. ఇక చూసుకోండి, బీరువా దిగలేదు. రెండో రోజుకి డాక్టరు దగ్గరికి పరిగెత్తాం, పిల్లి రెండు మూడు రోజులు బొత్తిగా తినకపోతే లివర్ పాడవుతుందట, లావు పిల్లులకి మరీ. కొత్తదాన్ని వేరే గదిలో పెట్టి, తలుపు కింద నుంచి వాసన తెలియనిచ్చి, రెండు వారాలకి కలిపాం. ఉన్నదాని కోసం కొత్తది తేవడం అనే మాట నాకిప్పుడు నచ్చదు. మన కోసం తెస్తాం, నెపం దాని మీద పెడతాం.

తంపర_గట్టు
ఈ బాధలన్నీ లేకుండా ఒక రామచిలుకని పెంచుకోండి. అన్నం పెడితే పేరు పెట్టి పిలుస్తాది.

గరివిడి_థర్డ్‌ఇయర్
రామచిలుకని పంజరంలో పెడితే నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. లవ్‌బర్డ్స్ లాంటి విదేశీ పక్షులు వేరే సంగతి.

తంపర_గట్టు
తాబేలు?

మాస్టారు_విశ్రాంతం
నక్షత్ర తాబేలుకీ అదే చట్టం. చూడాలనిపిస్తే శ్రీకూర్మం గుడికి వెళ్లి తోటకూర పెట్టి రా. అవి నీకంటే ఎక్కువ కాలం బతుకుతాయి, నీకీ చర్చ అక్కర్లేదు.

మెట్టవలస_రైతు
నాకు రాయడం అంతగా రాదు. మా మనవడు టైపు చేస్తన్నాడు. మాకు కుక్కలు కాదు, ఎడ్లు. జతలో ఒకటి పోనాదంటే ఏడవడానికి టైము ఉండదు, దుక్కి ఆగిపోతాది. మా ఎర్రోడు పోయిన వారానికే మానాపురం సంతకెళ్లి ఇంకో దాన్ని తోలుకొచ్చినాను. కాడి కట్టితే మిగిలిన తెల్లోడు కదల్లేదు. కొట్టినా కదల్లేదు. కొత్తది ముందుకి లాగతాది, ఈడు నిలబడిపోతాడు. నాలుగు రోజులు కాడి లేకుండా రెండిటినీ పక్కపక్కన కట్టి ఒకే తొట్టిలో కుడితి పెట్టినాను. అయిదో రోజు నడిచినాడు. నాకు మాత్రం మరో ఏడాది దాకా కొత్తదాన్ని ఎర్రోడా అని పిలవడం నోట్లో ఉండిపోనాది. అదీ పలికీది పాపం.

మాస్టారు_విశ్రాంతం
నా టామీల కథ ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

ఉద్దానం_అప్ప
మాది కవిటి దగ్గర. 2018 తిత్లీ తుపాను రాత్రి మా కుక్క గొలుసు తెంపుకుని పోయింది, మరి రాలేదు. అక్టోబరు 11, తెల్లవారుజాము. పొద్దున్న లేచి చూస్తే కొబ్బరి చెట్లు దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపు పడి ఉన్నాయి. చెట్లు లెక్కపెట్టడానికి వచ్చిన వాళ్లు ఉన్నారు, కుక్కని ఎవరు లెక్కపెడతారు? ఆ ఏడే పడిన చెట్ల మధ్య కొత్త మొక్కలు వేసాం. కుక్కని మాత్రం మూడేళ్లు తేలేదు. మొక్కలు ఎకరం నిండా వేసిన మనిషే, మా నాయన, కుక్క మాటెత్తితే లేచి వెళ్లిపోయేవాడు.

సిక్కోలు_సిన్నోడు
కొబ్బరికీ కుక్కకీ పోలికేటి అప్పా.

ఉద్దానం_అప్ప
పోలిక లేదనే కదా చెప్తన్నాను.

పాలకొండరోడ్ బాబూ, నేనొకటి అడుగుతాను, నిజం చెప్పు. మీ అమ్మ వద్దంటంది అన్నావు. బుల్లోడికి అన్నం పెట్టింది ఎవరు? నీళ్లు పోసింది ఎవరు? పొద్దున్న బయటికి తిప్పింది ఎవరు?

పాలకొండరోడ్
...అమ్మే. పొద్దున్న అయిదున్నరకి ఏడు రోడ్ల కూడలి దాకా తీసుకెళ్లి తెచ్చేది. అన్నంలో గుడ్డు కలిపి పెట్టేది. మా ఇంట్లో గుడ్డు అమ్మ ముట్టదు, వాడికోసం ఉడకబెట్టేది. నేను ఆదివారం స్నానం. పాప ఆటలు. మా ఆవిడ ఇంజక్షన్ల కార్డు.

ఉద్దానం_అప్ప
అయితే నెల అయ్యిందా ఏడాది అయ్యిందా అని మమ్మల్ని అడుగుతావేటి? పని చేసే మనిషి వద్దంటంటే, చెయ్యని వాళ్లు నలుగురు కూకొని ఓట్లు వేస్తన్నారు.

గంటస్తంభం77
అప్ప గారు కొట్టిన దెబ్బ నాకూ తగిలింది. బ్రౌనీని తెచ్చినప్పుడు మా ఆవిణ్ణి అడగలేదు నేను.

బొబ్బిలి_వీణ
ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. "ముందే తీసుకెళ్తే బతికేవాడేమో" అని మీరే రాశారు. వాడికి చెయ్యలేనిది ఈ ల్యాబ్ పిల్లకి చేద్దామని కాదు కదా ఈ తొందర? అలా అయితే ఆ పిల్ల ఒకసారి తుమ్మినా మీకు నిద్ర ఉండదు.

పాలకొండరోడ్
కోపం లేదు అక్కా. సరిగ్గా అదే.

గరివిడి_థర్డ్‌ఇయర్
ఆ పిల్లలకి ఎన్ని వారాలు?

పాలకొండరోడ్
అయిదు.

గరివిడి_థర్డ్‌ఇయర్
అయిదు వారాల పిల్లల్ని ఇచ్చీయడమేటి? ఎనిమిది వారాలు తల్లి దగ్గర ఉండాలి. కరవడం ఎంతవరకు, ఆట ఎంతవరకు అని తల్లీ తోబుట్టువులే నేర్పుతారు. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వెయ్యాలి. రేబీస్‌ది మూడు నెలలకి. ఇప్పుడు తెస్తే ఒక్క టీకా కూడా లేకుండా, గోమార్లున్న ఇంట్లోకి, సరిగ్గా దీపావళి టపాసుల మధ్యకి వస్తుంది. ఆ వయసులో పడిన భయం కొన్నిటికి జీవితాంతం ఉండిపోతుంది. మీ ఫ్రెండ్‌ని ఇంకో నెల ఆగమనండి. ఆగకపోతే అది ఆయన గొడవ.

చీపురుపల్లి_ప్యాసింజర్
ఆదివారం లోపు అనే మాట నాకు మొదటినుంచీ నచ్చలేదు. కూరగాయల బేరం కాదు కదా.

సిక్కోలు_సిన్నోడు
ఆయనా ఐదింటికి పాలు కొనలేక చస్తన్నాడేమో, ఆయన బాధ ఆయనది.

పాలకొండరోడ్
రాత్రి అమ్మతో మాట్లాడాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది, పక్కన కూర్చుని నేనూ తీశాను. గోమార్ల సంగతి చెప్పాను, ఆలస్యం చేసింది నేనే అని కూడా చెప్పాను. తలెత్తలేదు. కాసేపటికి అంది:

"నాకు అరవై తొమ్మిది. ఆ ల్యాబ్ కుక్క పన్నెండేళ్లు బతుకుతాది అంటన్నావు. సదువుకున్నోడివి కదా, కలుపు. బుల్లోడ్ని నేను సాగనంపినాను. ఈపాలి నేను ముందెళ్తే దానికి గుడ్డు ఎవలు ఉడకబెడతారు?"

నేను లెక్క కలిపాను. ఏం చెప్పాలో తెలీలేదు. చిక్కుడుకాయలు అయిపోయాయి.

ఉద్దానం_అప్ప
ఓలమ్మ.

సిక్కోలు_సిన్నోడు
ఈ థ్రెడ్‌లో నేనింక జోకులు వెయ్యను.

మాస్టారు_విశ్రాంతం
అమ్మగారి లెక్క నాకు బాగా తెలుసు. నాకు డెబ్బై ఒకటి. ఏడో టామీని కుక్కపిల్లగా తేలేదు. బ్యాంకు ఉద్యోగి ఒకాయనకి ఉత్తరాదికి బదిలీ అయితే, ఎనిమిదేళ్లవాణ్ణి నా దగ్గర వదిలి వెళ్లారు. పాత పేరు వేరే ఉంది, పాపం ఇక్కడికొచ్చి టామీ అయ్యాడు. పెద్ద కుక్క ఇల్లు కొరకదు, రాత్రి ఏడవదు, మనం ఎంత నడిస్తే అంతే నడుస్తుంది. ఎవరి ఆయుష్షు ఎవరు చెప్పగలరు గానీ, కనీసం లెక్క దగ్గర దగ్గరగా ఉంటుంది. మా అబ్బాయి చేత ఒక కాగితం మీద రాయించి బీరువాలో పెట్టాను, నా తర్వాత వాడే చూడాలని. వాడు నవ్వుతూ సంతకం పెట్టాడు. పెట్టాడు కదా, చాలు.

పిల్లిపిచ్చి
"ఎవలు ఉడకబెడతారు" అన్నది ప్రశ్నే బాబూ. వద్దు అనలేదు ఆవిడ. మీ దగ్గర జవాబుందా?

పాలకొండరోడ్
గుడ్డు ఉడకబెట్టడం నేర్చుకోవాలి ముందు.

గంటస్తంభం77
నాదొక మాట. నాగుల చవితి వెళ్లాక మా అక్క వాళ్లింటికి బరంపురం వెళ్తున్నాం, ఎనిమిది రోజులు. వాళ్లది మేడ మీద అద్దెవాటా, బ్రౌనీకి చోటు లేదు. ఎప్పుడూ పక్కింట్లో వదులుతాం, ఈసారి వాళ్లూ ఊళ్లో లేరు. నువ్వు ఒప్పుకుంటే సిక్కోలు తెచ్చి దింపుతాను. ఏడేళ్లది, నాటు. కరవదు. చప్పుడు మాత్రం ముందే చెప్పాను.

గరివిడి_థర్డ్‌ఇయర్
రెండోసారి మందు కొట్టాకే. బ్రౌనీకి గోమారి మాత్ర వేస్తున్నారా?

గంటస్తంభం77
నెలనెలా.

గరివిడి_థర్డ్‌ఇయర్
మాత్ర వేసినా గోమారి కరిచాకే చస్తుంది. కాబట్టి ముందు ఇల్లు, తర్వాత బ్రౌనీ.

తంపర_గట్టు
ఇదేదో పెళ్లిచూపుల్లా ఉంది.

పాలకొండరోడ్
ఆమదాలవలస ఫ్రెండ్‌కి వద్దని చెప్పీసాను. పాప ఒక సాయంత్రం ఏడ్చింది, తర్వాత బ్రౌనీ కరుస్తుందా అని అడిగింది. అమ్మతో అన్నాను, ఎనిమిది రోజులే, వాళ్ల కుక్క, మళ్లీ తీసుకుపోతారు అని. "ఎవలి కుక్కో మనకెందుకు" అంది. వద్దు అని మాత్రం అనలేదు. మేస్త్రీని పిలిచి సందు పూడ్పించాను. మొదటి మందు కొట్టించాం.

(ఆరు వారాల తర్వాత)

ఉద్దానం_అప్ప
పాలకొండరోడ్ బాబు ఏమైపోయాడు? బ్రౌనీ వచ్చిందా?

పాలకొండరోడ్
వచ్చింది, వెళ్లింది. ఆలస్యానికి ఏమీ అనుకోకండి.

మొదటి రోజు గేటు దగ్గరే కూర్చుని వీధంతా వినిపించేలా మొరిగింది. అమ్మ లోపల్నుంచి "ఆపమను దాన్ని" అని అరిచింది. రెండో రోజు పొద్దున్న నేను లేచేసరికి ఇద్దరూ లేరు. మెట్ల దగ్గర మేకు ఖాళీగా ఉంది. ఆరుంపావుకి తిరిగొచ్చారు. గొలుసు చేతిలో ఉంది, "ఇది సరిగ్గా నడవదు, ప్రతి స్తంభం దగ్గరా ఆగతాది" అని అమ్మ ఫిర్యాదు. గుడ్డు నేనే ఉడకబెట్టాను మొత్తం ఎనిమిది రోజులూ. మూడో రోజు పగిలిపోయింది, అదే పెట్టాను, తినీసింది.

మధ్యలో రెండుసార్లు దాన్ని బుల్లోడా అని పిలిచింది అమ్మ. మెట్టవలస తాత రాసిన కథ నేను చదివి వినిపించలేదు ఆవిడకి.

77 అన్న వచ్చి తీసుకెళ్తుంటే అమ్మ గుమ్మంలో నిలబడి, బరంపురం మళ్లీ ఎప్పుడెళ్తారు అని అడిగింది.

గంటస్తంభం77
సంక్రాంతికి వెళ్తాం అని చెప్పాను. నిజానికి అనుకోలేదు. ఇప్పుడు వెళ్లాలి.

సిక్కోలు_సిన్నోడు
అన్నా, రూల్ తప్పుతున్నాను, ఒక్కటే జోకు: మీ అక్కకి ముందు చెప్పు.

గరివిడి_థర్డ్‌ఇయర్
సందు మళ్లీ చూశారా? రెండోసారి మందు కొట్టారు కదా?

పాలకొండరోడ్
కొట్టాం తమ్ముడూ. రాత్రి టార్చి వేసి చూశాను. ఏమీ లేవు. సంక్రాంతికి ముందు ఇంకోసారి చూస్తాను.